సౌండు పెట్టి చూడు

ఫిబ్రవరి 3

అక్కా,

క్షేమంగా దిగాను. ముందు ఆ ముక్క రాయకపోతే మిగతాది చదవవని తెలుసు.

ఫోన్ వద్దు, ఉత్తరాలే రాయమన్నావు. అదీ ఇంటికి కాదు, నీ కుట్టు షాపుకి. ఎందుకే అంటే, 'ఫోన్లో నువ్వు ఊఁ కొట్టడం తప్ప మాట్లాడవు' అన్నావు. సరే, రాస్తున్నాను. పెన్ను పట్టుకుని ఎన్నాళ్ళయిందో, అప్పుడే చెయ్యి లాగేస్తోంది.

ఇక్కడికి రావడానికి నేను తిరగని ఆఫీసు లేదు కదా. ఇంతాచేసి ఎయిర్‌పోర్టులో ఆవిడ ఒక్క చూపు చూసి స్టాంపు గుద్దేసింది. దీన్ని డిజిటల్ నోమాడ్ వీసా అంటారు. మన మాటల్లో చెప్పాలంటే దేశదిమ్మరి వీసా! కంపెనీ ఒక దేశంలో ఉంటుంది, మనిషి ఇంకో దేశంలో కూర్చుని లాప్‌టాప్‌లో పనిచేస్తాడు. ఒకటే షరతు, నా ఉద్యోగం నాకు ఉండాలి. అది ఊడితే వీసా కూడా ఊడినట్టే, మూటాముల్లె సర్దుకోవాలి.

గది నాలుగో అంతస్తులో. మంచాన్ని గోడలోంచి బయటికి లాగాలి. లాగాక తలుపు తెరుచుకోదు. కింద ఒక పెద్ద హాలు ఉంది, నాలాంటి దిమ్మరులంతా అక్కడ తలా ఒక బల్ల అద్దెకు తీసుకుని పగలంతా పనిచేస్తారు. పక్కవాళ్ళకి కనబడకుండా నా స్క్రీనుకి నల్ల కాగితం అంటించాను.

నా పనేంటని బావ అడిగితే సినిమా సెన్సారు లాంటిదని చెప్పు. జనం నెట్‌లో పెట్టే వీడియోల్లో ఉండకూడనివి తీసేయడం. కూర్చుని చేసే ఉద్యోగమే, ఎండా వానా లేదు.

అమ్మని చూస్తూ ఉండు. బావకి నమస్కారాలు చెప్పు.

నీ బక్కోడు


ఫిబ్రవరి 19

ఒరేయ్ బక్కోడా,

దేశదిమ్మరిగా తిరగడానికి కూడా గవర్నమెంటు స్టాంపు వేసి ఇస్తుందా! నువ్వు బడి ఎగ్గొట్టిన రోజల్లా నాన్న ఆ మాటే అని చెవి మెలేసేవాడు. ఇప్పుడుంటే ఆ వీసా చూపించి ఏడిపించేవాళ్ళం.

షాపులో ఊపిరి సలపడం లేదు. స్కూలు యూనిఫాంలు గుట్టలుగా పడున్నాయి. పిల్లలు మొన్న కొలతలిచ్చి ఇవాళ పొడుగైపోతున్నారు. పైగా ఎడమ మణికట్టు మీద ఇస్త్రీ పెట్టె తగిలి బొబ్బలెక్కింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయంటే అందుకే, వెక్కిరించకు.

మీ బావకేం, రాజాలా ఉన్నారు. ఈ ఊళ్ళో సగంమందికి కారు నేర్పింది ఆయనే కదా, రోడ్డు మీద కనబడితే 'మాస్టారూ' అని బళ్ళు ఆపేస్తారు. గోడని గుద్దినవాణ్ణి కూడా పల్లెత్తు మాట అనరట. ఎంత ఓపికో అని అందరూ నాకే చెబుతారు.

ఎదురు షాపులోకి సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన కొత్తగా వచ్చాడు. పేరేదో చెప్పాడు గానీ అందరం ఫోన్లాయనే అంటున్నాం. మంచివాడు, కాకపోతే పిల్లి అడ్డమొచ్చినా బెదిరిపోయే రకం.

అవునూ, నువ్వు తీసేసేవి ఏం వీడియోలురా? బూతు బొమ్మలేనా? పెళ్ళి కావలసినవాడివి, కళ్ళు జాగ్రత్త.

ఉత్తరాలు షాపుకే రాయి, మర్చిపోకు.

అక్క


మార్చి 5

అక్కా,

బూతు బొమ్మలైతే ఎంత బాగుండేదో. నాకు వచ్చేవన్నీ కొట్టుకోవడాలే. నడిరోడ్డు మీద మనిషిని పడేసి రాళ్ళతో బాదేవి. కుర్రాణ్ణి స్తంభానికి కట్టేసి బెల్టు తెగేదాకా కొట్టేవి. నిన్న ఒకడు కన్నతండ్రి పళ్ళు రాలగొడుతూ, నవ్వుకుంటూ, తనే వీడియో తీసుకున్నాడు. తర్వాత అన్నం సహించలేదు. ఎక్కడ ఎవరు పెట్టినా సరే, చూసినవాళ్ళు ఫిర్యాదు చేస్తే మా దగ్గరికి వస్తుంది. మన భాష వచ్చినవాళ్ళం కంపెనీలో ఇద్దరు ముగ్గురమే కాబట్టి, మనవైపువన్నీ దాదాపు నా నెత్తినే పడతాయి.

తట్టుకోవడానికి ఒక పద్ధతి నేర్పారు. సౌండు తీసేస్తాం. రంగు తీసేసి బూడిదరంగులో పెడతాం, అప్పుడు రక్తం మురికినీళ్ళలా కనబడుతుంది. మొత్తం చూడం. వీడియోని చిన్న చిన్న గళ్ళుగా పరిచి, ఒకటి రెండు గళ్ళు చూసి బటన్ నొక్కేస్తాం. తెలిసినవాళ్ళు ఎవరైనా కనబడితే మాత్రం ముట్టుకోకూడదు, పక్కవాడికి అప్పగించేయాలి. ఆ రూలు తప్పితే ఉద్యోగం ఉండదు.

ఇంతకీ నిన్నొకటి అడగాలి. నువ్వు చిన్నప్పటినుంచీ ఎడమచేతి వాటం. ఇస్త్రీ పెట్టె పట్టుకునేదీ ఎడమచేత్తోనే. పట్టుకున్న చేతి మణికట్టుకే పెట్టె ఎలా అంటుకుందే?

బావ కొడుతున్నాడా? పగలంతా ఇవే చూస్తున్నవాణ్ణి, నా దగ్గర దాచకు.

నీ బక్కోడు


మార్చి 20

బక్కోడా,

అవును, కొడతాడు. పెళ్ళయిన ఏడాదినుంచీ కొడుతూనే ఉన్నాడు. మొహం మీద చెయ్యి వేయడు, బట్ట కప్పే చోటే కొడతాడు. కొట్టేటప్పుడు కూడా గొంతు పెంచడు, బండి నేర్పుతున్నట్టే నెమ్మదిగా మాట్లాడుతూ తంతాడు. నెలతప్పి ఉన్నప్పుడు ఒకసారి కడుపులో తన్నితే బిడ్డ పోయింది. జారిపడ్డానని మీ అందరికీ చెప్పింది నేనే.

ఇస్త్రీ పెట్టె సంగతి అడిగావు కదా. నువ్వు వీసా వచ్చిందని ఫోన్ చేసిన రోజు నేను పకపకా నవ్వాను, గుర్తుందా? ఎవడితో ఆ నవ్వులని అడిగాడు. తమ్ముడితో అన్నాను. నా చేతిలో పెట్టె లాక్కుని, అదే చేతిని బల్లకేసి అదిమి, పెట్టాడు. అప్పటినుంచి నా ఫోన్ ఆయన జేబులో ఉంటుంది. ఇప్పుడర్థమైందా ఉత్తరాలెందుకో?

అమ్మకి చెబితే 'తలుపేసుకోవే, పక్కింటికి వినబడుతుంది' అంది. కాలనీ పెద్దమనుషుల దగ్గరికి పోయి కట్టు విప్పి చూపించాను. 'టైలరువి కదమ్మా, ఇస్త్రీ పెట్టె తగలడం మామూలే' అన్నారు. కొట్టాడంటే, 'ఎవరు చూశారు?' అన్నారు. ఆ ఒక్క మాట అడిగి చేతులు దులిపేసుకున్నారు. బక్కోడా, ఆ ప్రశ్న నా నెత్తిమీద సుత్తితో కొట్టినట్టుంది. నిజమే, ఎవరు చూశారు?

దుప్పటీ దిండూ షాపుకి తెచ్చేసుకున్నాను. ఇక ఆ ఇంటి గడప తొక్కను. రాకపోతే చంపుతానని కబురంపాడు. చంపితే షాపులోనే, తలుపులు తీసి ఉన్నప్పుడు, నలుగురిలో చంపమని నేనూ కబురంపాను.

ఊరికే అడుగుతున్నాను, ఇక్కడ ఎవరైనా వీడియో తీసి పెడితే నిజంగా నీ దాకా వస్తుందా?

నువ్వేం చేయకు. ఏం చేయకు అంటే ఏదో ఒకటి చేసి తీరతావని తెలిసే రాస్తున్నాను.

అక్క


ఏప్రిల్ 8

బక్కోడా,

గొంతు పోయింది, చెయ్యి బాగానే ఉంది కాబట్టి రాస్తున్నాను. బతికే ఉన్నాను. నువ్వు ఈపాటికే చూసి ఉంటావు.

నిన్న మధ్యాహ్నం వచ్చాడు. షాపులో బట్టలియ్యడానికొచ్చినవాళ్ళు ఉన్నారు, అరుగు మీద వాడి దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళే నలుగురు ఉన్నారు. అవును, వాడు. ఇకనుంచి వాడే. నవ్వుతూ లోపలికొచ్చి, జుట్టు పట్టుకుని, మిషను చక్రానికేసి నా తల కొట్టాడు. ముందు పన్ను విరిగి నోట్లోనే ఉండిపోయింది. ఫోన్లాయన పరుగున వచ్చి గుమ్మంలో నిలబడి ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. పిల్లికే బెదిరిపోయే మనిషి, అయినా పట్టుకున్నాడు. తర్వాత వాడు నా మెడలో ఉన్న టేపు రెండు చుట్లు తిప్పి బిగించాడు. పదేళ్ళుగా జనానికి కొలతలు తీస్తున్న టేపురా అది. కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి తడిమితే బట్టలు కోసే కత్తెర తగిలింది. వాడి రెండో చెయ్యి కటింగు బల్ల మీద ఆనించి ఉంది. ఎత్తి దిగేశాను. అరచేతిలోంచి బల్లలోకి దిగిపోయింది.

అరిచాడురా! ఇన్నేళ్ళలో వాడి గొంతు పెద్దగా వినడం అదే మొదటిసారి.

ఫోన్లాయన అప్పుడే వీడియో నెట్‌లో పెట్టేశాడు. సాయంత్రానికి ఊరంతా చూసింది. ఇన్నాళ్ళు నావైపు చూడని ఆడవాళ్ళు వరసగా వచ్చారు. షాపు ఓనరమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఒక్కరు కూడా ఎవరు చూశారని అడగలేదు.

నువ్వూ చూడు. చివరి దాకా చూడు.

అక్క


ఏప్రిల్ 10

అక్కా,

ఎలా ఉన్నావు? అమ్మకి ఫోన్ చేస్తే 'మొగుడూ పెళ్ళాల గొడవ, నువ్వు దూరకు' అని పెట్టేసింది. నీ ఫోన్ వాడి జేబులో ఉంటుందని నీ మార్చి ఉత్తరంలో చదివాను, దానికి జవాబు రాసేలోపే ఇలా జరిగింది.

నీకు జరిగింది నాకు తెలిసింది. ఎలా తెలిసిందో అడక్కు. ఆ దరిద్రం ఇంక ఎవరి కంటా పడకుండా చేశాను. నిన్ను చూసి ఎవరూ నవ్వరు, నీ పరువుకి ఏ ఢోకా లేదు. నువ్వు తలెత్తుకుని తిరుగు. వాడి సంగతి తర్వాత చూద్దాం.

బక్కోడు


ఏప్రిల్ 17

బక్కోడా,

నా కొంప మునిగింది.

ఆ వీడియో లేదు. ఎవడో తీసేశాడు. ఊరంతా ఒకరికొకరు లింకు పంపుకున్నారే గానీ దాచుకున్నవాడు ఒక్కడూ లేడు. నొక్కితే నల్లగా కనబడుతోంది. ఫోన్లాయన దగ్గర అసలుది ఉంది కదా అనుకున్నాను. మాస్టారి శిష్యులు వచ్చి ఆ ఫోన్‌ని ఇటుకతో పిండి చేశారు. ఆయన్ని వీధిలోకి ఈడ్చి పక్కటెముకలు విరగ్గొట్టారు. ఆసుపత్రిలో ఉన్నాడు పాపం, నన్ను చూసి 'పోయిందమ్మా, క్షమించండి' అని ఏడ్చాడు.

ఇప్పుడు వాడు చేతికి కట్టు కట్టించుకుని నా మీద కేసు పెట్టాడు. నాకోసం అన్నం క్యారేజీ తెచ్చాడట, వెనకనుంచి నేను కత్తెరతో పొడిచానట. అరుగు మీదున్న నలుగురూ, తెచ్చాడు, పొడిచింది, కళ్ళారా చూశాం అన్నారు. బట్టలియ్యడానికొచ్చినవాళ్ళు మాకేం కనబడలేదని నీళ్ళు నమిలారు. ఇన్‌స్పెక్టరు మంచివాడిలాగే ఉన్నాడు, 'ఆ వీడియో తెచ్చివ్వండమ్మా, లేకపోతే జైలుకి పంపడం తప్ప నా చేతిలో ఏం లేదు' అన్నాడు. విచారణ దాకా నన్ను బయట ఉండనిచ్చారు, అంతే.

వాడెవడో గానీ, ఆ వీడియో తీసేసినవాడి చేతులు విరిగిపోను! వాడి జిమ్మడ, వాడికి అక్కచెల్లెళ్ళు లేరా? నా మెడకి టేపు చుట్టినవాడు ఒకడు, చుట్టలేదని చెప్పినవాళ్ళు నలుగురు. వీళ్ళందరికంటే ఈ కనబడనివాడే నన్ను నిలువునా చంపాడు.

నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా. ఎవడో కనుక్కో. కాళ్ళావేళ్ళా పడి అయినా వెనక్కి పెట్టించు. నాకు నువ్వు తప్ప దిక్కు లేదురా.

అక్క


ఏప్రిల్ 28

అక్కా,

ఆ చేతులు నావే.

నీ రెండు ఉత్తరాలూ ముందువెనకలుగా వచ్చాయి. మెట్ల మీదే చదివాను.

ఆ రోజు వరసలో వచ్చింది. బూడిదరంగు, సౌండు లేదు. మొదటి గడిలో మిషను చక్రం, దాని కింద ఒక ఆడమనిషి తల. ఎవరో అనుకున్నాను. రెండో గడిలో మెడలో టేపు కనబడింది, నువ్వని తెలిసింది. రూలు ప్రకారం పక్కవాడికి అప్పగించాలి. అప్పగిస్తే నువ్వలా నేల మీద పడి ఉండడం ఇంకొకడు చూస్తాడు. వాడి తర్వాత ఇంకొకడు. ఓర్చుకోలేక నొక్కేశాను. మూడో గడి చూడలేదు. కత్తెర సంగతి నీ ఉత్తరంలో చదివేదాకా నాకు తెలియదు.

తీసేసినవి కంపెనీ కొన్నాళ్ళు లోపల దాచి, ఆ తర్వాత శాశ్వతంగా చెరిపేస్తుంది. ఇంకా చెరిపి ఉండరు. పోలీసులకి ఇప్పించాలంటే నేనే పైవాళ్ళ దగ్గర ఒప్పుకోవాలి. ఆవిడ మా అక్క, తెలిసి రూలు తప్పాను, తీసేయడం తప్పు అని చెప్పాలి. చెబితే ఆ రోజే ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు వీసా పోతుంది. దీనికోసం ఎంత తిరిగానో నీకు తెలుసు. మళ్ళీ ఏ కంపెనీ రానివ్వదు.

వేరే దారి ఏమైనా ఉందేమో ఒకసారి ఎవరైనా వకీలుని అడిగి చూడు. నలుగురిలో ఒకడైనా నిజం చెప్పకపోతాడా? లేదు, నువ్వు చెప్పమంటే రేపే చెప్పేస్తాను. ఏం చేయమంటావో రాయి.

బక్కోడు


మే 9

ఏం చేయమంటావో రాయమంటావా?

నీ ఏప్రిల్ ఉత్తరాలు రెండూ ఒకేరోజు అందాయి. 'నీ పరువుకి ఢోకా లేదు' అన్నది ముందు చదివాను. చదివి, అర్థమై, మిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. పక్కషాపు ఆవిడ ఫోన్ ఇస్తానంది, మాట్లాడమంది. వద్దన్నాను. నువ్వు ఏడుస్తావు, నేను కరిగిపోతాను. ఇప్పుడు కరగదలుచుకోలేదు.

వాడు కొట్టాడు. అమ్మ తలుపేసుకోమంది. పెద్దమనుషులు కట్టు మళ్ళీ కట్టుకోమన్నారు. అంత దూరంనుంచి నువ్వు కూడా తలుపే వేశావు కదరా! నేలమీద పడ్డ దగ్గర ఆపేసి, లేచింది చూడకుండా నొక్కేశావు. పరువు ఎవరిది పోయింది? పన్ను విరిగింది నాదీ, పరువు పోయింది నాదేనా? నీకు నేను పరువు కాపాడమని ఎప్పుడు రాశాను?

వకీలుని అడగమన్నావు. అడిగాను. వీడియో ఉందా అన్నాడు.

నీ ఉద్యోగం పోగొట్టుకొమ్మని నా నోటితో నేను చెప్పను. నిన్ను చంకనేసుకు తిరిగినదాన్ని, ఆ మాట నాతో అనిపించుకోవాలని చూడకు. నేను చెప్పేది ఒకటే. ఆ వీడియో సౌండు పెట్టి చూడు. తర్వాత నీ ఇష్టం.

విచారణ దగ్గరకొచ్చేసింది.

టైలరు


మే 20

అక్కా,

నీ ఉత్తరం కింద 'అక్క' అని లేదు. దానికంటే నువ్వు నన్ను కత్తెరతో పొడిచినా బాగుండేది.

చదివిన మరుక్షణం మా పైఅధికారికి వీడియో కాల్ చేసి అంతా ఒప్పుకున్నాను. వీడియో చూడకముందే ఒప్పుకున్నాను. ఈ ఒక్కటి నమ్ము. ఆవిడ లోపల దాచిన ఆ వీడియో తన స్క్రీను మీద తెరిచింది. రంగుతో, సౌండుతో, మొత్తం చూపించమని అడిగాను. చూపించింది.

ఆ రక్తం ఎంత ఎర్రగా ఉందో! చక్రానికి నీ తల తగిలిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఒకసారి కాదు, మూడుసార్లు కొట్టాడు. నువ్వు ఒకసారనే రాశావు. ఫోన్లాయన భయపడి ఫోన్ దించబోయాడు, ఒక్క క్షణం బొమ్మంతా నేలవైపు తిరిగిపోయింది. అప్పుడు నీ గొంతు వినబడింది. నోట్లో రక్తంతో, పన్ను ఊస్తూ అరిచావు.

"దించకయ్యా! నా మొహం కనబడేట్టు తియ్యి! మా తమ్ముడిది ఇవి చూసే ఉద్యోగమే! వాడు చూస్తాడు!"

ఆ అరుపు విన్నాకే వాడు టేపు చుట్టాడు. నీ నోరు మూయించడానికే చుట్టాడు. నా మాట ఎత్తినందుకు నీ పీక పిసికాడు. నేనేమో సౌండు తీసేసి, రెండు గళ్ళు చూసి, నీ మొహం కనబడకుండా చేశాను. హాల్లో అందరూ ఉండగానే బల్ల మీద తల పెట్టుకుని బావురుమన్నాను.

ఆ తర్వాతది కూడా చూశాను. కత్తెర దిగడం, వాడు అరవడం, నువ్వు మెడలో టేపు విప్పుకుని, కింద పడ్డ ఎవరిదో యూనిఫాం చొక్కా తీసి దులిపి బల్ల మీద పెట్టడం. అక్కడితో వీడియో అయిపోయింది.

మీ ఇన్‌స్పెక్టరుకి నేనే ఫోన్ చేసి చెప్పాను, ఆయన రాసి అడిగాడట, కంపెనీ వీడియో పంపింది. అందిందని జవాబు కూడా వచ్చింది. నన్ను ఆ రోజే తీసేశారు. వీసావాళ్ళకీ తెలియజేశారు. మంచం గోడలోకి తోసేశాను, తాళం ఓనరుకిచ్చేశాను. ఎల్లుండి బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు వస్తానేమో. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

నువ్వు నన్ను లోపలికి రానిస్తావో లేదో తెలియదు. రానివ్వకపోతే అరుగు మీద కూర్చుంటాను, ఆ నలుగురూ కూర్చున్న చోటే. విచారణ రోజున మాత్రం నీ వెనకే వస్తాను. ఎవరు చూశారని అడిగితే లేచి నిలబడి, నేను చూశానని చెబుతాను.

తమ్ముడు